పై తోట

గంగాలిన్, ఆస్ట్రేలియా
4 సెప్టెంబరు 2024

చి.ల.సౌ. తన్మయికి ఆశీస్సులు.

అత్తగారు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావేమో. తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా, ఫోనులో మాత్రం మనకు “తిన్నావా”, “తిన్నానండీ” దాటి మాట సాగదు. అంతలోకి నీ కూతురు పింకీ ఫోను లాక్కుంటుంది. భార్గవ్ పక్కనే నిలబడి, తల్లీ పెళ్ళామూ ఏం మాట్లాడుకుంటారో అని చెవులు రిక్కిస్తాడు. కొన్ని మాటలు నీకు మాత్రమే చెప్పాలనిపిస్తుంది. అందుకని నిన్న పింకీని తోడు తీసుకుని పోస్టాఫీసుకు వెళ్ళి అడిగించాను. స్పెయిన్‌కు ఉత్తరం చేరడానికి రెండు వారాలు పడుతుందట. అక్కడి అమ్మాయి, “ఈ రోజుల్లో చేత్తో రాసేవాళ్ళున్నారా!” అని బిళ్ళలు తనే అంటించి ఇచ్చింది.

ఇక్కడ చలి విరిగింది. వీధి చివర వాటిల్ చెట్లు పచ్చగా పూశాయి. మాగ్‌పై పక్షులు గూళ్ళు పెట్టాయి, దారిన పోయేవాళ్ళ నెత్తిన పొడుస్తున్నాయి. భార్గవ్ పింకీ హెల్మెట్‌కు ప్లాస్టిక్ పుల్లలు ముళ్ళలా కట్టి బడికి పంపుతున్నాడు. అది ముళ్ళపందిలా ఉంది.

నువ్వు బయలుదేరిన రోజు నేను ఎయిర్‌పోర్టుకు రాలేదు. మోకాళ్ళ నొప్పి అన్నాను. నొప్పి నిజమే కానీ, రాకపోవడానికి కారణం అది కాదు. ఎప్పుడైనా ధైర్యం వచ్చినప్పుడు రాస్తాను.

ఆదివారం వినాయక చవితి ఏర్పాట్లకని ఇక్కడి తెలుగువాళ్ళం సుమ ఇంట్లో కలిశాం. నలుగురూ ఉండగా సుమ అడిగింది, “ఆంటీ, తన్మయి సడన్‌గా స్పెయిన్ ఎందుకు వెళ్ళింది? కంపెనీ ప్రాజెక్టా?” అని. “తోట పని మీద పోయింది” అని చెప్పాను. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇకముందు అడిగినా అదే చెబుతాను.

వేళకు తిను. కొండ ప్రాంతం అన్నావు, చెవులకు గుడ్డ కట్టుకో.

ఇట్లు,
మీ అత్తయ్య కౌసల్య

◆

గ్రేదోస్ కొండలు, స్పెయిన్
19 సెప్టెంబరు 2024

అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కవరు మీద మీ చేతిరాత చూడగానే ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను.

నేనుండే చోటు గురించి ముందు చెబుతాను. మాడ్రిడ్ నుంచి పడమరకు రెండు గంటల ప్రయాణం. వైన్ తయారయ్యే వైనరీ కింద ఊళ్ళో ఉంది. తోటలు మాత్రం కొండ మీద మెట్లు మెట్లుగా, వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతాయి. పగలు ఎండ చుర్రుమంటుంది. పొద్దు వాలితే స్వెటర్ కావాలి. కింద మైదానంలో ద్రాక్ష ఆగస్టులోనే గబగబా పండిపోతుంది, తీపి ఉంటుంది కానీ పులుపు పడిపోతుంది. ఇక్కడ చల్లటి రాత్రులు కాయను నిదానంగా పండిస్తాయి. తీపి, పులుపు రెండూ నిలుస్తాయి. అందుకే ఈ ఎత్తు నుంచి వచ్చే ఎర్ర వైన్‌కి అంత పేరు.

ఈ రకాన్ని గార్నాచా అంటారు. పందిరీ లేదు, స్తంభాలూ తీగలూ లేవు. ఒక్కొక్క మొక్కా మోకాలెత్తు పొదలా ఇసుక నేలలో దాని కాళ్ళ మీద అది నిలబడి ఉంటుంది. కొన్నిటికి డెబ్భై ఏళ్ళు. వాలు ఎక్కువ, ట్రాక్టరు ఎక్కదు. కంచర గాడిదతో దున్నిస్తారు.

తోటలన్నీ చూసుకునేది ఎన్‌కార్నా అని డెబ్భై ఒక్కేళ్ళ ఆవిడ. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, “ఆఫీసు వాళ్ళు పైకి రారు” అంది. అని, ఇరవై కిలోల పెట్టె నా చేతుల్లో పెట్టి ముందు నడిచింది. నేను దించకుండా పైదాకా వెళ్ళాను. ఆ సాయంత్రం తన ఇంట్లో నాకు వంకాయ కూర పెట్టింది.

పెద్ద వైన్‌మేకర్ పేరు రఫాయెల్. అన్నిటికంటే పైన, పదకొండు వందల యాభై మీటర్ల దగ్గర చిన్న తోట ఒకటి ఉంది. నడిచి వెళ్ళడానికి నలభై నిమిషాలు. కాపు తక్కువ. ఆ కాయ ఎప్పుడూ మిగతా వాటితో కలిసిపోతుంది. ఎవరూ దాన్ని ఇష్టపడి తీసుకోరు. నేను తీసుకున్నాను. ఈ ఏడాది దాని కోత ఎప్పుడో, వైన్ ఎలాగో నాకే వదిలేశారు. నా బతుకులో ఇంత పెద్ద అవకాశం రాలేదు.

ఇక ఒక మాట. రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరు నలుగురిలో “తోట పని” అన్నారు. అంతకుమించి చెప్పలేదన్నారు. నేను చేసే పనికి వైన్ అని ఒక పేరుంది, అత్తయ్యా. క్లేటన్‌లో యూనివర్సిటీలో చదివే రోజుల్లో వేసవి సెలవులకు ద్రాక్ష కోతకు వెళ్ళి, ఆ పనిని ప్రేమించి, చదువు మార్చుకుని ఇక్కడిదాకా వచ్చాను. మా నాన్న ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. మీరు ఏమీ అనలేదు కానీ, ఆ మాట మీ నోట ఒక్కసారి కూడా వినలేదు. పెళ్ళయిన కొత్తలో మొదటి కోత నుంచి ఒక బుట్ట ద్రాక్ష తెస్తే, ఒక్క పండైనా నోట్లో వేసుకోకుండా పక్కింటి జనార్దనరావు అంకుల్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు రాలేదు. కారణం నాకు తెలుసనే అనుకుంటున్నాను. కష్టపడి చెప్పక్కర్లేదు.

పింకీకి ముద్దులు.

తన్మయి

◆

గంగాలిన్,
28 సెప్టెంబరు 2024

తన్మయికి,

నీ జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. మాటలు వినపడ్డాయి. ఎవరికీ అక్కర్లేని కొండ చివరి తోట ఒకటి నీకు అంటగట్టారట. పెద్దాయన ఇప్పుడే కోసేద్దామంటే నువ్వు ఇంకో పది పన్నెండు రోజులు ఆగుదామన్నావట. భార్గవ్‌కు ఇది క్రికెట్ స్కోరు విన్నట్టుంది. నాకు పప్పు మాడిపోయింది.

ఈ సంగతి భార్గవ్‌కు కూడా తెలియదు. వాళ్ళ నాన్నకు తెలుసు, ఆయన పోయారు.

మా నాయనకు పెనుకొండ దగ్గర రెండెకరాల ద్రాక్ష తోట ఉండేది. అనాబెషాహి రకం. రాతి కూసాలు పాతి, మనిషెత్తు పందిరి వేశాడు. మా వైపు వేరుశనగ తప్ప వేరే పంట తెలియని రోజుల్లో నీళ్ళు మోసి మోసి పెంచాడు. పందిరి కింద మధ్యాహ్నం కూడా దీపం కావాలన్నట్టుండేది. పొరుగూళ్ళ నుంచి జనం బండ్లు కట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళు. బళ్ళో నన్ను “ద్రాక్ష తోట కౌసల్య” అనేవాళ్ళు. నేను తల పైకెత్తుకుని తిరిగేదాన్ని.

నాకు పద్నాలుగేళ్ళు. ఆ ఏడు కాపు విరగ కాసింది. గుత్తులు కొయ్యడానికి మనుషులు కూడా వచ్చి నిలబడ్డారు. మా నాయన ఒక కాయ కొరికి, “ఇంగా నాలుగు దినాలు. తేనె మాదిరి అయితాది” అని వాళ్ళను పంపేశాడు. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆకాశం రాగి రంగు తిరిగింది. వడగళ్ళు. నిమ్మకాయలంత ఉన్నాయి. అరగంటే. నేనూ మా నాయనా పశువుల కొట్టంలో నిలబడి చూశాం. వాన ఆగాక పోతే పందిరి మీద ఒక్క ఆకు లేదు. కింద చీలమండల దాకా ద్రాక్ష, మంచు కలిసి తొక్కుడు పడింది. ఆ వాసన నాకు ఇప్పటికీ కల్లోకి వస్తుంది.

ఆయన వారం తర్వాత తీగలన్నీ నరికించి వేరుశనగ వేశాడు. మళ్ళీ చచ్చేదాకా ద్రాక్ష పండు ముట్టలేదు. ఆయన తినని పండు నేనూ తినలేకపోయాను. నువ్వు ఎయిర్‌పోర్టుకు పెట్టె సర్దుకుంటుంటే ఆ కొండ ఫోటో చూపించావు గుర్తుందా? ఆ తోటల పైన మబ్బు కమ్మి ఉంది. అదే నేను రాకపోవడానికి కారణం.

తీపికి ఆశ పడకు. కోసెయ్యి. నీకు గౌరవం లేని తోట నీ నెత్తిన పెట్టిన వాళ్ళ కోసం అక్కడ ఉండాల్సిన పనీ లేదు. వచ్చేసెయ్.

కౌసల్య

◆

గ్రేదోస్ కొండలు,
17 అక్టోబరు 2024

అత్తయ్య గారికి,

మీ రెండో ఉత్తరం పన్నెండో తేదీన వచ్చింది. ఐదు రోజులు ఆలస్యమైంది. ఏడో తేదీనే వడగళ్ళు పడ్డాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రఫాయెల్ ఇరవై ఆరో తేదీనే కోద్దామన్నాడు. ల్యాబ్ లెక్కల ప్రకారం తీపి సరిపోయింది. కానీ నేను రోజూ పైకి వెళ్ళి కాయ కొరుకుతున్నాను. గింజ ఇంకా పచ్చిగా, నాలుక పట్టేసేలా ఉంది. ఎన్‌కార్నా కూడా గింజ నమిలి ఊసి, “ఇప్పుడు కోస్తే, నీళ్ళు తాగినా నోటి వగరు పోని వైన్ అవుతుంది ఇది. ఆగాలి” అంది. రఫాయెల్ నా మొహంలోకి చూసి, “నీ తోట, నీ ఇష్టం. పోతే నీదే పూచీ” అన్నాడు. అక్టోబరు తొమ్మిదిన కోత అని నేనే తేదీ పెట్టాను.

ఏడో తేదీ మధ్యాహ్నం మేం కింద వైనరీలో ఉండగా కొండ మీద చప్పుడు మొదలైంది. కింద ఒక్క చుక్క లేదు. పైన ఒక తెల్లటి తెర దిగినట్టు కనబడింది. ఇరవై నిమిషాలు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి రాళ్ళ మధ్య వడగళ్ళు ఇంకా కరగలేదు. పడమటి వైపు మొక్కలు చీరుకుపోయి ఉన్నాయి. కాయలు పగిలి రసం కారుతోంది. మూడో వంతు పోయింది.

నేను నేల మీద కూలబడ్డాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎన్‌కార్నా ఎగశ్వాసతో ఎక్కి వచ్చి, నా పక్కనే రాయి మీద కూర్చుంది. కాసేపటికి, “ఏడుపు అయిపోతే చెప్పు. పగిలిన కాయ రెండు రోజుల్లో కుళ్ళుతుంది, దాంతో మంచి కాయ కూడా పోతుంది. మనుషుల్ని పిలవాలి” అంది.

మర్నాడు తెల్లారగానే ఊళ్ళోంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళు వచ్చారు. సగం మంది అరవై దాటినవాళ్ళు. కోతకు కాదు, ఏరడానికి. ఒక్కొక్క గుత్తి చేతిలోకి తీసుకుని, పగిలిన కాయను చిన్న కత్తెరతో తీసేసి, మంచిది బుట్టలో వెయ్యాలి. రెండు రోజులు అదే పని. నా వేళ్ళు ఇప్పటికీ నల్లగా ఉన్నాయి. మిగిలిన కాయను మేం విడిగా తొట్టిలో వేశాం. పులుస్తోంది. ఎలా వస్తుందో తెలియదు.

మీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. ఎన్ని సార్లు చదివానో. మీ నాన్నగారు నిలబడ్డ చోట నేనూ నిలబడ్డానని అనిపించింది. ఆయనకు ఎన్‌కార్నా లాంటి మనిషి పక్కన లేకపోయింది.

సెప్టెంబరులో నేను రాసిన ఉత్తరం మీకు ఈపాటికి అందే ఉంటుంది. అందులో నేనన్న మాటలకు తల ఎత్తుకోలేకపోతున్నాను. బుట్టెడు ద్రాక్ష మీరెందుకు ముట్టలేదో నాకేం తెలుసు? వైన్ అంటే మీకు అసహ్యమనుకున్నాను. మీరు జవాబు రాయలేదు. ఫోనులోకి రావడం లేదు. భార్గవ్ ఏమో, “అమ్మ శనివారం పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తోంది. సుమ వాళ్ళింట్లో పారాయణ అంటోంది” అన్నాడు. నా మీద కోపంతో ఇంట్లో ఉండలేక వెళ్తున్నారా? వాళ్ళతో నా గురించి చెప్పుకున్నా ఫరవాలేదు. నాతో మాట్లాడండి చాలు.

వచ్చేయమన్నారు. తొట్టిలో వైన్ వదిలి రాలేను. ఒక్కటి మాత్రం సరిదిద్దాలి. ఈ తోట నాకెవరూ అంటగట్టలేదు. నేను అడిగి తీసుకున్నాను.

తన్మయి

◆

గంగాలిన్,
2 నవంబరు 2024

చి.ల.సౌ. తన్మయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు దేవుడికి దండం పెట్టుకున్నాను. మూడో వంతే పోయింది. మా నాయనకు మిగిలిన కాయను ఏరుకోవచ్చనే ఆలోచనే రాలేదు. మాకెవరికీ రాలేదు. పద్నాలుగు మంది వచ్చి కూర్చుని కాయ కాయా ఏరారని రాసిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు నా సంగతి. కోపం లేదు. ఉంటే గింటే నా మీద నాకే.

“తోట పని” అన్నది దాచడానికి కాదమ్మా. మా వైపు తోట చేసేవాడంటే ఊరంతా లేచి నిలబడేది. వైను సీసాలో పోసి అమ్మేవాళ్ళు ఎందరో ఉంటారు, తోట పెంచేవాళ్ళు ఎందరుంటారు? నాకు తెలిసిన పెద్ద మాట అదే, అదే చెప్పాను. నీకది చిన్న మాటగా వినబడుతుందని తోచలేదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు జవాబు రాయాలని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. మాటలతో చెబితే నువ్వు నమ్మవనిపించింది.

అదే వారం మీ తోట యజమాని ఆలిసన్ ఇంటికి వచ్చింది. నువ్వు ఆరేళ్ళ కిందట ఆమె తోటలో నాటించిన టెంప్రానియో ద్రాక్ష ఉంది చూడు, దాని వైన్‌కు పోటీలో బంగారు పతకం వచ్చిందట. ఆ కాగితం నీ చేతికివ్వాలని తెచ్చింది. నువ్వు లేవు కదా, నా చేతికిచ్చింది. పింకీ మధ్యలో నిలబడి మాటలు చేరవేసింది. ఆలిసన్ తోటలో చిగుళ్ళు ముంచుకొస్తున్నాయనీ, నువ్వు లేక మనుషులు చాలడం లేదనీ మాటవరసకు అంది. నేను “శనివారం వస్తా, చెప్పు ఆమెకు” అన్నాను. పింకీ కళ్ళు పెద్దవి చేసి, “అవ్వా, ఆర్ యూ సీరియస్?” అంది. “నీ మాదిరి నేనేమైనా అబద్ధాలు చెప్తానా? సీరియస్సే” అన్నాను. తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆ వెంటనే మీ ఆయనకు పారాయణ అని అబద్ధం చెప్పిందీ నేనే కదా.

భార్గవ్‌కు ఎందుకు చెప్పలేదంటే, మోకాళ్ళంటాడు, ఎండంటాడు, ఇన్సూరెన్సంటాడు. పింకీకి ఐస్‌క్రీము ముట్టింది, నోరు మెదపలేదు.

ఆలిసన్ తన కారులో తీసుకెళ్ళింది. ముర్రంబేట్‌మన్ ఊరు దాటి మట్టి రోడ్డు ఎక్కగానే వరసలు కనబడ్డాయి. మొదటి వరస దగ్గర కొయ్య స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. నలభై తొమ్మిదేళ్ళయింది నేను ద్రాక్ష తోటలో కాలు పెట్టి. ఆలిసన్ తొందర పెట్టలేదు. కాసేపు చూసి తన పని తను చేసుకుంది. నేను వంగి ఒక చిగురు పట్టుకున్నాను. ఏది ఉంచాలో, ఏది గిల్లాలో చేతికి గుర్తుంది తన్మయీ! నాకు గుర్తు లేదు, చేతికి గుర్తుంది. మధ్యాహ్నానికి రెండు వరసలు చేశాను. ఆలిసన్ వచ్చి చూసి ఏదో అంది. ఆ రోజు పింకీ లేదు, అర్థం కాలేదు. కానీ మొహం చూస్తే తెలిసిపోదూ.

ఆ రోజు నుంచి శనివారం తప్పలేదు. ఇవాళ్టిది అసలు చెప్పాల్సింది.

ఇవాళ వైను రుచి చూసే గదికి ఒక జట్టు వచ్చింది. వాళ్ళల్లో సుమ! ఆఫీసు స్నేహితులతో వచ్చిందట. నేను టోపీ పెట్టుకుని, చేతిలో కత్తెరతో వరసలోంచి బయటికి వస్తున్నాను. చూసి చేతిలో ఫోను జారవిడుచుకుంది.

“ఓ మై గాడ్, ఆంటీ! మీరేంటి ఇక్కడ? వర్క్ చేస్తున్నారా? భార్గవ్‌కి తెలుసా?”

“వానికి తెలీదు. నువ్వు చెప్పాకు, నేనే చెప్తా” అన్నాను. “ఈ వరసలన్నీ మా తన్మయి పెట్టిచ్చిందే. ఆ లోపల సీసాలో ఉండే ఎర్ర వైను గూడా మా తన్మయి చేసిందే. దానికి బంగారు పతకం వచ్చిండాది. ఇప్పుడు స్పెయిన్‌లో ఇంతకంటే ఎత్తు కొండ మీద తోట దాని చేతిలో పెట్టినారు, వైను చేస్తాంది. పోయి తాగి చూడండి. బాగలేకుంటే నాకొచ్చి చెప్పండి.”

వైను అన్నాను. రెండుసార్లు అన్నాను. మా ఇంట్లో ఎవరైనా వింటే మూర్ఛపోయేవాళ్ళు. పక్కనున్న తెల్లమ్మాయికి సుమ ఇంగ్లీషులో చెప్పింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపింది. వెళ్ళేటప్పుడు వాళ్ళ కారులో రెండు పెట్టెలున్నాయి.

ఇంటికొచ్చి భార్గవ్‌కు అంతా చెప్పాను. అనుకున్నట్టే మోకాళ్ళన్నాడు, ఇన్సూరెన్సన్నాడు. తర్వాత మా నాయన తోట సంగతి విని, పక్కన కూర్చుని, “ఇన్నాళ్ళు నాకు ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు.

వచ్చేయమని రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. వైను పూర్తి చేసే రా.

ఆశీస్సులతో,
కౌసల్య

◆

గ్రేదోస్ కొండలు,
21 నవంబరు 2024

అత్తయ్యా,

“గారు” లేకుండా రాస్తున్నాను. మీ ఉత్తరం చదివాక ఆ గౌరవం మనిద్దరి మధ్య గోడలా అనిపించింది.

ఉత్తరం ఎన్‌కార్నాకు చదివి వినిపించాను. నాకొచ్చిన ముక్కల స్పానిష్‌లో ఎంత చెప్పగలిగానో తెలియదు. మీరు కత్తెరతో వరసలోంచి బయటికి రావడం, సుమ ఫోను జారవిడుచుకోవడం మాత్రం బాగా అర్థమయ్యాయి. టేబుల్ మీద చరిచి నవ్వింది. మీ వయసెంతని అడిగింది. అరవై మూడన్నాను. “చిన్నపిల్ల” అంది.

ఇప్పుడు వైన్ సంగతి.

పులియడం అయిపోయాక పై తోట రసాన్ని రెండు పీపాల్లోకి ఎత్తాం. అంతే వచ్చింది. నేను రోజూ రుచి చూస్తూ నా నాలుకను నేనే నమ్మలేకపోయాను. నాకు నచ్చుతున్నది వైన్ కాబట్టా, అంత ఏడ్చాను కాబట్టా అని అనుమానం. సోమవారం రఫాయెల్ అన్ని తోటల వైన్‌లూ కలపడానికి వచ్చాడు. పై తోట ఎప్పుడూ పెద్ద తొట్టిలో కలిసిపోతుందని రాశాను కదా. గ్లాసులోకి తీసి వాసన చూశాడు. నోట్లో పోసుకుని ఊశాడు. మళ్ళీ తీశాడు. ఈసారి ఊయలేదు, మింగాడు. ఎన్‌కార్నా నా వైపు చూసింది. ఇరవై ఏళ్ళలో అతను పనివేళ మింగడం తను చూడలేదట.

“ఇది దేంట్లోనూ కలవదు” అన్నాడు. “దీన్ని విడిగా సీసాల్లో పోస్తాం. కొండ పేరు, తోట పేరు, చేసినవాళ్ళ పేరు వెయ్యాలి. నీ ఇంటి పేరు ఎలా రాస్తారు?”

అత్తయ్యా, ఈ వైనరీ పెట్టిన నాటి నుంచి ఆ తోటకు ఒక పేరంటూ లేదు. “ఆ పైది” అనేవాళ్ళు. ఇప్పుడు దానికి లేబుల్ ఉంటుంది. నేను నా పేరు రాసిచ్చి, దాని కింద ఎన్‌కార్నా పేరు కూడా వెయ్యాలని అడిగాను. యాభై ఏళ్ళుగా ఆ మొక్కలు బతికున్నది ఆవిడ వల్ల. ఆవిడ పేరు ఇన్నేళ్ళలో ఏ సీసా మీదా లేదు. రఫాయెల్ ఒప్పుకున్నాడు. ఆవిడ “నాకెందుకు ఇవన్నీ” అంటూ బయటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను, ఎప్రన్‌తో కళ్ళు తుడుచుకుంటోంది.

నిజం దాచను. నాలుగు రోజుల ముందు కోసి ఉంటే ఆ మూడో వంతు పోయేది కాదు. కానీ ఈ రుచీ వచ్చేది కాదు. రెండూ నిజమే. ఈ రెండిట్లో ఏది ఎక్కువ నిజమో నాకింకా తెలియదు.

ఒక విషయం మీతోనే ముందు చెబుతున్నాను, భార్గవ్‌కు ఇంకా చెప్పలేదు. ప్రతి ఏడూ సెప్టెంబరు నుంచి మూడు నెలలు వచ్చి, కొండ మీది మూడు తోటల వైన్ చూసుకోమని అడిగారు. మిగతా కాలం ఆలిసన్ దగ్గరే పని చేసుకోవచ్చు. ఎగిరి గంతెయ్యాలి. కానీ పింకీకి ఏటా మూడు నెలలు అమ్మ ఉండదు. ఇంటి బరువు మీ మీద పడుతుంది. వద్దనడానికే ఎక్కువ కారణాలు కనబడుతున్నాయి. మీరేం చెబితే అది.

మీ
తన్మయి

◆

గంగాలిన్,
6 డిసెంబరు 2024

అమ్మాయీ,

ఇది నువ్వు బయలుదేరేలోపు అందుతుందో లేదో. అందకపోతే వచ్చాక చేతికి నేనే ఇస్తాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నీ ఉత్తరం భార్గవ్‌కు చదివి వినిపించాను. మీ ఇద్దరి సంసారంలో ముందు నాకు తెలియడమేమిటి? చివరిదాకా విని, లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. “అమ్మా, అది ఏటా ఆర్నెల్లు పొమ్మన్నా పోవాల” అన్నాడు. నీతో అంత బాగా చెప్పలేడు, వాడి సంగతి నీకు తెలుసు కదా.

పింకీని కూర్చోబెట్టి అడిగాను. అది చేతులు కట్టుకుని, “విల్ మమ్మీ బి ద బాస్?” అంది. అవునన్నాను. “దెన్ షి హ్యాజ్ టు గో, అవ్వా” అంది. మర్నాడు బళ్ళో, వాళ్ళమ్మ పేరు స్పెయిన్‌లో సీసా మీద పడుతోందని క్లాసంతా చెప్పి వచ్చింది. టీచరు నన్ను ఆపి అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో, “ఎస్. మై డాటర్ ఇన్ లా. మౌంటెన్ వైన్” అన్నాను. ఆమెకు అర్థమైంది.

ఇంటి బరువు నా మీద పడుతుందన్నావు. పడదు. నన్ను నమ్ముకుని వెళ్ళకు తన్మయీ, నాకు నా పని ఉంది. మీ ఆయనను నమ్ముకుని వెళ్ళు. పోయిన ఆదివారం సాంబారు పెట్టాడు. చింతపండు మరిచిపోయాడు, అయినా తిన్నాం. నేర్చుకుంటాడు.

నా పని అంటే ఏమిటంటావా? నీ టెంప్రానియోలో కొండ వైపున్న పన్నెండు వరసలు ఆలిసన్ నాకు అప్పగించింది. జీతం కాగితాలు భార్గవ్ చేత చదివించి సంతకం పెట్టాను. అరవై మూడేళ్ళకు మొదటి ఉద్యోగం.

మొన్న పని అయ్యాక ఆలిసన్ నీ వైన్ ఒక గ్లాసులో కొంచెం పోసి నా ముందు పెట్టింది. తాగలేదు, తాగను, అది నా వల్ల కాదు. కానీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నేరేడు పండ్లు, తడిసిన మట్టి. ఇన్నేళ్ళుగా నాకు కల్లో వచ్చే వాసన ఇది కాదు. ఇందులో కుళ్ళు లేదు. నలిగిన కాయ కూడా సరైన చేతిలో పడితే ఇట్లా అవుతుందా అనుకున్నాను. నా కోడలి చెయ్యి.

పిందెలు కట్టడం మొదలైంది. ఆవగింజలంత ఉన్నాయి. ఆలిసన్ నిన్న పింకీ ద్వారా ఒక మాట అడిగింది. మార్చిలో ఆ పన్నెండు వరసల కోత ఏ రోజో నన్నే చెప్పమంటోంది. ల్యాబు లెక్కలు తను చూస్తుందట, ఆఖరి మాట నాదట. “నో” అందామనే నోరు తెరిచాను. “ఓకే” అని వచ్చింది.

భయంగానే ఉంది. మబ్బు పట్టిన ప్రతి రోజూ భయపడతాను. తొందరపడి ముందే కోయించేస్తానేమో, ఆశపడి ఆలస్యం చేస్తానేమో, తెలియదు. కానీ ఆ రోజు గింజ కొరికి చూసి మాట చెప్పేది నేనే. నువ్వు, భార్గవ్, పింకీ తెల్లారేసరికి బుట్టలు పట్టుకుని నా వరసల దగ్గరికి వచ్చెయ్యండి. ఆలస్యంగా వస్తే ఊరుకోను.

జాగ్రత్తగా రా.

ఆశీస్సులతో,
ద్రాక్ష తోట కౌసల్య